నడినెత్తిన రెండో సుడి

ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. దయ్యాల వార్త వస్తే డెస్కు వాళ్లు నన్నే పంపేవారు, నేను నమ్మనని తెలుసు కాబట్టి. కడప దగ్గర ఒక ఇంటి మీద రోజూ రాళ్లు పడుతున్నాయంటే, రెండు రోజులు మిద్దె మీద కూర్చుని, అది వెనక గుట్ట మీది కోతుల పని అని రాశాను. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

ఇప్పుడు రాయబోయేది నా నెత్తి మీదే జరిగింది. అందుకే కళ్లారా చూశానని చెప్పలేను. చూసినవాళ్లు చెప్పింది, ఫొటోల్లో ఉన్నది రాస్తున్నాను.

కర్నూలు నుంచి కడపకు బస్సులో పోతుంటే కండక్టర్ అడక్కుండానే నాకు సీనియర్ సిటిజన్ టికెట్ ఇచ్చాడు. అప్పటికి నాకు యాభై ఎనిమిదే. అరవై రాలేదని చెబితే, "పర్వాలేదులే పెద్దాయనా, కూసో" అన్నాడు. ఆధార్ కూడా చూడలేదు. మా ఆవిడ లక్ష్మీదేవి కిటికీ వైపు తిరిగి నంద్యాల దాకా నవ్వింది.

నా బట్టతల చూసే అలా అన్నాడని, ఆ వారమే కర్నూలులో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి పోయాను. జుట్టు మొలవడానికి పీఆర్పీ అని వైద్యం ఉందన్నాడు. చేతి నుంచి రక్తం తీసి, గొట్టంలో పోసి, యంత్రంలో గిరగిరా తిప్పుతారు. పైకి తేరుకున్న పచ్చటి నీటిని సన్నటి సూదితో నెత్తిలో అక్కడక్కడా గుచ్చుతారు. నెలకోసారి చొప్పున మూడుసార్లు గుచ్చారు. మొదలుపెట్టే ముందు నడినెత్తిని ఒక ఫొటో తీశారు.

అయిదో నెలకు వెంట్రుకలు కనిపించాయి. క్రాపు చేయించుకోవడానికి ఓబులేసు దగ్గరికి పోయాను. ఇరవై అయిదేళ్లుగా నా జుట్టు కత్తిరించేది అతనే. సుడి దగ్గర వెంట్రుక ఎటు తిరిగితే కత్తెరను అటు తిప్పాలట, లేకపోతే ముళ్లపందిలా లేస్తుందట. అందుకే అతను తలను కంటితో కాదు, వేళ్లతో చూస్తాడు. ఆ వేళ్లు ఆగిపోయాయి.

"సార్, ఈ సుడి యాడిది?"

"పుట్టినప్పటి నుంచీ ఉన్నదే కదప్పా."

"అది ఈడ ఉండాది. ఇది ఇంకోటి. ఇన్నేండ్లలో నా చేతికి తగల్లేదు."

తల వెనక ఇంకో అద్దం పట్టి చూపించాడు. కనిపించీ కనిపించనట్టుంది. డాక్టరు దగ్గర కొత్త ఫొటో తీయించి, పాతదాని పక్కన పెట్టి చూశాను. మొదటి దాంట్లో ఒకటే సుడి. కొత్తదాంట్లో పక్కపక్కనే రెండు. ఉన్న కుదుళ్లు బలపడతాయి గానీ కొత్త సుడి పుట్టదు, వెలుతురు తేడా అయ్యుంటుంది అన్నాడు డాక్టరు. అతని గొంతులో నమ్మకం లేదు.

ఇంటికొచ్చి నవ్వుకుంటూ చెప్పడమే నేను చేసిన పొరపాటు. తలలో రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని మా వైపు చిన్నపిల్లలు కూడా అంటారు. లక్ష్మీదేవికి పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించమని డాక్టర్లు చెప్పారు. "ఇంట్లో పరిచిన బేతంచెర్ల బండలు చాలలేదేమో" అని తనే ఎగతాళి చేసుకునేది. ఆ రోజు నుంచి ఎగతాళి ఆగిపోయింది.

"నేను ఆ బల్ల మీద పండుకోను."

"ఎందుకే?"

"మీకు రెండో పెళ్లి రాసిపెట్టి ఉండాది. నేనుండంగా అది ఎట్లయితాది?"

ఎంత చెప్పినా వినలేదు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది గానీ ఆసుపత్రికి మాత్రం రానంది. గుండు కొట్టించుకుంటానన్నాను. "సుడి వెంట్రుకల్లో ఉంటాదా, చర్మంలో ఉంటాది" అంది. ఒక్క టికెట్ కోసం రోషపడి ఆమె ప్రాణం మీదికి తెచ్చానని ఆ నెలలో నాకు అర్థమైంది.

దారి చూపింది ఓబులేసే. సుడిని బయటపెట్టింది తనేనన్న బాధతో ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, షష్టిపూర్తిలో సారు నీకు మళ్లా తాళి కడతాడు గదా. అది పెళ్లి గాదా?"

లక్ష్మీదేవి మెడలో తాళి బయటికి తీసి చూసుకుంది. "అయితాది" అంది.

చిక్కు ఏమిటంటే నాకు అప్పుడే యాభై తొమ్మిది నిండాయి. పురోహితుడు ఇంకో ఏడాది ఆగమన్నాడు. అరవై కాదని కండక్టర్‌తో వాదించిన నేను, అరవైలో పడ్డాను కదా స్వామీ అని ఆయనను బతిమాలాను. ఆయన నా తల వైపు చూసి, "అట్ల కనపడవే" అన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. మంత్రాలయంలో ఒక సత్రం వరండాలో, పదిమంది చుట్టాల మధ్య, ముప్పై మూడేళ్ల తర్వాత ఆమె మెడలో మళ్లీ తాళి కట్టాను. మూడో ముడి వేస్తుంటే, "గట్టిగా వెయ్యప్పా" అంది. నన్ను అప్పా అనడం అదే మొదటిసారి.

ఆ వారంలోనే ఆపరేషన్ అయింది. రాళ్లను సీసాలో పోయించుకుని ఇంటికి తెచ్చుకుంది.

నెల తర్వాత ఓబులేసు దగ్గర కూర్చున్నాను. వేళ్లు రెండుసార్లు నెత్తంతా తిరిగి ఆగాయి. ఒకటే సుడి ఉంది. డాక్టరు మూడో ఫొటో తీశాడు. జుట్టు ఒక్క వెంట్రుక తగ్గలేదు, రెండో సుడి మాత్రం లేదు. ఈసారి వెలుతురు మాట ఎత్తలేదు. ఇంటికొచ్చి చెబితే లక్ష్మీదేవి బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టలేదు. "వచ్చిన పనైపాయ. ఇంకేం చేస్తాది ఈడ?" అంది.

మొన్న నాకు నిజంగానే అరవై నిండాయి. లక్ష్మీదేవితో కడప బస్సెక్కి దర్జాగా సీనియర్ సిటిజన్ టికెట్ అడిగాను. కండక్టర్ నా జుట్టు చూసి ఆధార్ చూపించమన్నాడు. చూపించాను. బస్సు ఊరు దాటాక లక్ష్మీదేవి నన్ను తల వంచమంది. వేలితో నడినెత్తి తడిమి చూసి, ఒకటే అని తేల్చుకుని, నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

మూడు ఫొటోలూ నా దగ్గరే ఉన్నాయి. నడిమిది ఎట్లా వచ్చిందో నేనింకా చెప్పలేను.