చెయ్యి ఒకరిది, సంతకం ఒకరిది

నాకు అనుమానం ఎక్కువని మా అత్త ఊరంతా చెబుతుంది. నిజమే. పాల ప్యాకెట్టు వాసన చూడకుండా పొయ్యి మీద పెట్టను. పాపను ఎక్కించే ముందు ఆటో నంబరు ఫోనులో ఫొటో తీసుకుంటాను. మందుల షాపులో సీసా ఇస్తే అక్కడే నిలబడి దాని మీద తేదీ చదువుతాను. కడపలో, మా అమ్మ దగ్గర ఉన్నప్పుడు ఇట్లా లేను. బిడ్డ పుట్టినాకే పట్టుకుంది ఈ గుణం. ఇప్పుడు కూడా పాపను నిద్రపుచ్చి ఇది రాస్తూనే, మధ్యలో లేచి దాని చెంప తడిమి వస్తున్నాను.

పోయిన వారం ఆ చెంపే వాచింది. పాపకు ఐదేళ్ళు. కింద దవడలో ఒక పాలపన్ను పుచ్చింది. ఎట్లాగూ ఊడిపోయే పన్నే కదా అని ఇంట్లో అందరూ అన్నారు. ఒకరోజు పొద్దున లేచేసరికి వాపు కంటి కింద దాకా పాకింది. నోట్లో పెట్టిన పెరుగన్నం ఉమ్మేసి ఏడుపు. మా ఆయనకు తుమ్మలపల్లె గనిలో పని, వారానికోసారి కర్నూలు వస్తాడు. ఫోను చేస్తే "మా అమ్మను తోడు పిలుచుకొని పో" అన్నాడు.

అత్త అప్పటికే చీర మార్చుకొని గడపలో నిలబడి ఉంది.

"నా పళ్ళు తీసినాయన ఉండాడు. శానా మంచి హస్తవాసి. నొప్పే తెలీలేదు నాకు. ఆయన దగ్గరికే పోదాం."

"ఆయన ఏం చదివినాడత్తా?"

"నేనేం అడుగుదును? నోరు తెరుచుకొని కూచోనుంటిని."

ఆ పళ్ళ ఆస్పత్రి బజారులో ఒక బట్టల అంగడి పైన ఉంది. మెట్ల దగ్గర బోర్డు. నేను ఆగి చదివాను. ఒక ఆడమనిషి పేరు, పక్కన దంతవైద్యం డిగ్రీ, కింద రిజిస్ట్రేషన్ నంబరు.

"అత్తా, బోర్డు మీద ఆడమనిషి పేరుందే?"

"ఎవరి పేరో పెట్టుకోనుంటాడు. అంగళ్ళకు దేవుండ్ల పేర్లు పెట్టరా, అట్ల. పద పద, బిడ్డ ఏడుస్తాండాది."

పైన బెంచీల నిండా మనుషులు. తలుపు పక్కన చిన్న బల్ల వేసుకొని నా వయసు అమ్మాయి ఒకతె కూర్చొని ఉంది. నూలు చుడీదారు, జడకు రబ్బరు బ్యాండు. ఆమెను చూసి "ఏమ్మా, డాక్టరు ఉండాడా?" అన్నాను. లోపలున్నారు, కూర్చోమంది. కూర్చోబోతుంటే పాప చెంప వైపు చూసి "జ్వరం ఉందా?" అని అడిగింది. పేర్లు పిలిచే పిల్లకు జ్వరం సంగతి ఎందుకు? "డాక్టరుతో చెప్తాలే" అన్నాను. ఆమె తల దించుకుంది.

లోపలి తలుపు ఓరగా తీసి ఉంది. తెల్లచొక్కా చేతులు మడుచుకున్న పెద్దాయన ఒకరి నోట్లోకి వంగి ఉన్నాడు. కాసేపటికి ఆత్మకూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన దవడలో దూది పెట్టుకొని బయటికొచ్చాడు. లోపల నుంచి కేక:

"అమ్మాయ్, ఈయప్పకు మందులు రాయి!"

బల్ల దగ్గరి అమ్మాయి చీటీ తీసుకొని గబగబ రాసింది, సంతకం పెట్టింది, స్టాంపు గుద్దింది. తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం నాకు అలవాటు. స్టాంపు మీద పేరు, మెట్ల దగ్గర బోర్డు మీద పేరు ఒకటే.

అసలు డాక్టరమ్మ ఎక్కడో ఉంటే ఆమె సంతకం ఈ పిల్ల పెట్టేస్తోందని అనుకున్నాను. పాపను ఒళ్ళోకి లాక్కుని బల్ల దగ్గరికి జరిగాను.

"ఈ స్టాంపు ఎవరిదమ్మా?"

"నాదే."

"నీదంటే?"

ఆమె ఒకసారి లోపలి తలుపు వైపు చూసింది. "డాక్టర్ని నేనే."

"మరి లోపలుండేది?"

"మా మామ. మా ఆయన నాయన."

"ఆయన కూడా..." అని ఆగిపోయాను.

ఆమె స్టాంపు ప్యాడు మూత సరిగ్గా పెట్టింది. "నేను పుట్టకముందు నుంచీ పళ్ళు చూస్తాండారు. వచ్చేవాళ్ళంతా ఆ చెయ్యే కావాలంటారు. కుర్చీ దగ్గర నేను నిలబడితే లేచిపోతారు."

ఇంతలో మా పేరు పిలిచారు. పెద్దాయన మంచి మాటకారి. "ఏం బుజ్జమ్మా, నీవి ఏనుగు పళ్ళా, ఎలుక పళ్ళా?" అంటే అంత ఏడుపులోనూ పాప నోరు తెరిచింది. ఆయన లైటు వంచి ఒక్క క్షణం చూశాడు.

"తీసేద్దాం. పాలపన్ను, మళ్ళా వస్తాది." చెయ్యి సూది వైపు పోయింది.

"వద్దు సార్," అన్నాను. "బోర్డు మీద పేరున్న డాక్టరు చూడాల మా పాపను."

అత్త నా మోచేతి మీద గిల్లింది. "దాని మాటకేం గానీ నువ్వు చూడప్పా. దానికి తాగే నీళ్ళ మీద గూడా అనుమానమే."

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "చదువుకున్నోళ్ళు కదమ్మా, కాగితం చూస్తారు. అమ్మాయ్! రావమ్మా డాక్టరమ్మా, నిన్నే కావాలంటాండారు!"

బయట బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వచ్చింది. చేతి తొడుగులు ఎక్కడున్నాయో రెండు సొరుగులు తెరిచి వెతుక్కుంది. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. ఈ కుర్చీ దగ్గర ఈమె నిలబడి ఎన్నాళ్ళయింది? చీటీలు రాసి రాసి పని మరిచిపోయి ఉంటే? ఒక బోర్డునూ ఒక నంబరునూ నమ్మి బిడ్డ నోరు అప్పగిస్తున్నానా? ఆయనకు చెయ్యి ఉంది, కాగితం లేదు. ఈమెకు కాగితం ఉంది, చెయ్యి ఉందో లేదో ఎవరు చెప్పాలి?

"జ్వరం ఉందా?" ఆమె మళ్ళీ అడిగింది.

"రాత్రి నుంచి ఉంది," అన్నాను ఈసారి.

చాలాసేపు చూసింది. పెద్దాయన చేతులు కట్టుకొని గోడకు ఆనుకున్నాడు. "ఒక్క పట్టుకు పోయేదానికి ఇంతసేపా?"

"ఇంత వాపులో మత్తు సరిగ్గా ఎక్కదు మామా, పాప తట్టుకోదు. ఈ పన్ను పదేళ్ళు దాటేదాకా ఉండాల. ఇప్పుడే తీస్తే పక్కవి జరిగి, వచ్చేదానికి చోటుండదు."

ఆమె పన్ను పైభాగం తెరిచి చీము పోయే దారి చేసింది. పాప అరిచి ఆమె వేలు కొరికింది. "కొరుకు, కొరుకు, బాగా కొరకాలనే కదా ఈ తిప్పలు," అందామె. వేలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. తర్వాత మందుల చీటీ రాసి, వారం తర్వాత రమ్మంది.

ఆటోలో అత్త మూతి తిప్పుకొని కూర్చుంది. "పన్ను నోట్లోనే ఉండాది. ఇంక ఆమె చేసిందేముంది?"

ఇంటికొచ్చాక రాష్ట్రంలో నమోదైన దంతవైద్యుల పట్టిక ఫోనులో వెతికాను. ఆమె ఉంది, నంబరు కూడా సరిపోయింది. పెద్దాయన లేడు. పళ్ళు శుభ్రం చేసేవాళ్ళకు వేరే నమోదు ఉంటుందట, కట్టుడు పళ్ళు చేసేవాళ్ళకు వేరే. కనీసం వాటిలోనైనా ఉంటాడేమోనని చూశాను. ఎక్కడా లేడు. ఫిర్యాదు రాయడం మొదలుపెట్టి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. లైసెన్సు లేనివాడి పనికి తన పేరు అడ్డం పెట్టడం ఆమె తప్పే అవుతుంది. ఆయన మీద కేసు పెట్టొచ్చేమో గానీ, కొట్టెయ్యడానికి పట్టికలో ఉన్నది ఆమె పేరొక్కటే. రాసింది తుడిచేశాను. జాలిపడి తుడిచానా, పాప పన్ను వైద్యం సగంలో ఉందని తుడిచానా? ఆ అనుమానం నా మీద నాకే.

ఈరోజు మళ్ళీ పోయాం. వాపు పూర్తిగా తగ్గింది. ఆమె బల్ల దగ్గరే ఉంది, స్టాంపు పక్కనే ఉంది. మమ్మల్ని చూసి సగం లేచింది.

"పాప వచ్చిందా? నేను చూస్తాలే, నువ్వు కూచో," లోపల నుంచి పెద్దాయన.

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఆమె ఏం చేస్తుందో చూడాలనిపించింది. ఆమె అట్లాగే బల్ల అంచు పట్టుకొని నిలబడింది. అంతలో పాప నా చెయ్యి వదిలించుకొని పోయి ఆమె చుడీదారు అంచు పట్టుకొంది, "ఈసారి కొరకనులే" అంటూ. బెంచీల మీద అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, పాపను ఎత్తుకొని లోపలికి పోయింది. పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు. పన్ను లోపల శుభ్రం చేసి, మందు నింపి మూసింది. పాప అంతగా ఏడవలేదు.

మేము మెట్లు దిగుతుంటే పైనుంచి కేక వినిపించింది. "అమ్మాయ్, ఈయమ్మకు మందులు రాయి!"

"నడువు, ఎండెక్కుతాండాది," అంది అత్త. పాప చెయ్యి పట్టుకొని నేను మెట్టు మీదే ఆగిపోయాను, స్టాంపు చప్పుడు కోసం చెవి ఒగ్గి. కాసేపు రాలేదు. తర్వాత వచ్చింది.