ఆదివారం తెల్లారి

మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ పోయిందన్న కబురు నాకు పాలకేంద్రం దగ్గర తెలిసింది. పాలు కొలిచే ఆయన తలెత్తకుండానే అన్నాడు: "సోమారం తాతా, ఎరుకేనా? మీ టీచరమ్మ పోయింది. పొద్దుగాలనే పాణం పోయిందట."

ఆమె పోయిన కబురు కూడా 'సోమారం తాత' అన్న ఆ పేరుతోనే నా చెవిన పడింది. ఆ పేరు నాకు రావడానికి కారణం ఆమే. చెంబు పక్కన పెట్టి కాసేపు అరుగు మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇక అడగడానికి మనిషి లేదు అన్న ఒక్క సంగతే మనసులో తిరిగింది.

ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నామని, తెలిసినవాళ్ళు తలా నాలుగు మాటలు రాయాలని బడి మాస్టారు అడిగారు. నేను చదివింది ఊరిబడిలో అయిదో తరగతి. మాట్లాడటమే చేతకాదు, రాయడం ఇంకా తక్కువ. తప్పులు మా అమ్మాయి దిద్దుతోంది. మాటలు మాత్రం మార్చవద్దని చెప్పాను.

మేము కృష్ణ ఒడ్డు వాళ్ళం. మా బావమరిది వాళ్ళు వర్ని దగ్గర, మా వైపు నుంచి వచ్చిన రైతుల క్యాంపులో పొలం చేసుకుంటుంటే వాళ్ళ మాట మీద ఇటు వచ్చాం. పొలం మాకు అచ్చిరాలేదు. తొంభైల మొదట్లో బాన్సువాడ చేరి, కాలువ మీద లష్కరు పనిలో కుదిరాను. గేట్లు ఎత్తడం, దించడం, గట్టు వెంట తిరగడం. పర్మనెంటు కాదు. మనుషులతో ఎక్కువ మాట్లాడే అవసరం లేని పని కాబట్టి నాకు నచ్చింది. అంగన్‌వాడీ ఎదురుగా ఒక గది కిరాయికి దొరికింది.

లేకలేక పుట్టిన మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. నాట్లప్పుడు మా ఆవిడ కూలికి పోతూ, పిల్ల నడుముకు తువ్వాలు చుట్టి, ఆ కొస మంచం కోడుకు ముడివేసి పోయేది. మాకు తెలిసిన మార్గం అదొక్కటే. మూడోనాడు నేను గట్టు మీది నుంచి వచ్చేసరికి టీచరమ్మ మా గుమ్మంలో నిలబడి ఉంది. పిల్ల ఆమె చంకలో ఉంది.

"ఏందన్నా, బిడ్డను కట్టేస్తున్నరు? దూడనా?"

నేను మంచం కోడుకున్న తువ్వాలు విప్పాను.

"ఎదురుంగనే ఉన్న గద. వచ్చి అడుగొద్దా? అడిగితే ఏం పోతది? సిగ్గే గద పోయేది!"

ఆ పూట నుంచి మా అమ్మాయి ఆమె దగ్గరే పెరిగింది. ఆ మేలు నేను ఎన్నడూ మరచిపోను. ఇప్పుడు రాయబోయేది రాస్తున్నప్పుడు కూడా మరచిపోవడం లేదు.

ఆమెకు వేరే సంసారం లేదు. సెంటరే సంసారం. సెంటరు ముందుగోడకు బారెడు మేర నల్లరంగు పూయించి, రోజూ పొద్దున్నే సుద్దముక్కతో రాసేది. ఏ బడిలో పేర్లు ఎప్పటినుంచి రాసుకుంటారు, పిల్లల డాక్టరు దవాఖానకు ఏ వారం వస్తాడు, పోలియో చుక్కలు ఎక్కడ వేస్తారు, నాట్లకు పోయే తల్లుల పిల్లల్ని ఏ ఇంటి అవ్వ చూసుకుంటుంది, ఎండాకాలం సెలవుల్లో బొమ్మలు వేయడం ఎవరు నేర్పుతారు, అన్నీ ఆ గోడ మీదే. చదువురాని తల్లుల కోసం గట్టిగా చదివి వినిపించేది. కోటగిరి వైపు నుంచి ఆటోలో వచ్చినవాళ్ళు కూడా దిగుతూనే "గోడ ఏడుంది?" అని అడిగేవారు.

ఒకసారి 'వెనక సందుల తెల్లకుక్క కరుస్తుంది, పైలం' అని రాసింది. ఆ కుక్కను సాకే ఆయన కొట్లాటకు వచ్చాడు.

"నా కుక్కను గోడకెక్కిస్తవా?"

"ఇయ్యాల కుక్కనే ఎక్కిచ్చిన. గిట్లనే మొరిగితే రేపు నిన్ను గూడ ఎక్కిస్త."

వీధి వీధంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, కుక్కను కట్టేశాడు.

ఇంకో సంగతి చెప్పాలి. దీన్ని గుర్తుపెట్టుకోమని చదివేవాళ్ళను అడుగుతున్నాను. మా అమ్మాయి "ఆకలేస్తంది" అంటే కొందరు తల్లులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. టీచరమ్మ వాళ్ళను కసిరింది. "వాళ్ళు ఏస్తదంటరు, మనం అయితదంటం. మాటలు రెండు, కడుపు ఒక్కటే." క్యాంపు పిల్లలు కూడా ఆమె దగ్గరికి వచ్చేవారు. వాళ్ళ మాట తెలియకపోతే పిల్లలు బెదురుతారని, "అన్నా, మీ దిక్కు దీన్నేమంటరు?" అని నన్ను అడిగి ఒక నోటుబుక్కులో రాసుకునేది. ఈ ఊళ్ళో రెండు వైపుల మాటలూ తెలిసిన మనిషి ఎవరంటే ఆమే.

కాలువ ఎండినప్పుడల్లా పిల్లలు అందులోనే ఆడేవారు. అందుకని నీళ్ళు ఎప్పుడు వదిలేదీ నేను ముందే ఆమెకు చెప్పాలి, ఆమె గోడ మీద రాయాలి. ఇది మేమిద్దరం పెట్టుకున్న పద్ధతి. నేను గుమ్మం దగ్గర నిలబడి "బుధవారం" అని తిరిగిపోయేవాణ్ణి. "మాటలు కిరాయికి తెచ్చుకున్నవా అన్నా?" అని వెనక నుంచి నవ్వేది.

ఎప్పుడూ నీళ్ళు మధ్యాహ్నం వదిలేవారు. మా అమ్మాయికి అయిదేళ్ళు నిండిన ఏడు, యాసంగి పంటకు ఒకసారి మాత్రం ఆదివారం చీకటితోనే గేటు ఎత్తమన్నారు. శనివారం సాయంత్రం నేను సెంటరు గుమ్మంలో నిలబడి, నా అలవాటుకు మించి ఒక మాట ఎక్కువ మాట్లాడాను.

"ఆదివారం తెల్లారి."

అటే పై గేటుకు పోయాను. గోడ చూడలేదు.

మా వైపు ఆదివారం తెల్లారి అంటే ఆదివారం పొద్దున్నే. ఇక్కడ పెళ్ళి తెల్లారి అంటే పెళ్ళి మర్నాడు. పండుగ తెల్లారి అంటే పండుగ మర్నాడు. ఆదివారం తెల్లారి అంటే సోమవారం. అది నాకు తెలియదు. గోడ మీద 'కాలువ నీళ్ళు సోమవారం' అని ఉంది.

ఆదివారం పొద్దున పిల్లలు కాలువలో దాగుడుమూతలు ఆడుతున్నారు. ఆరేళ్ళ పిల్ల ఒకతి రోడ్డు కింది తూములో దాక్కుంది. నీళ్ళు వచ్చాయి. మడికి పోతున్న రైతు ఒకాయన కేక విని, దిగి, పిల్లను లాగాడు. పిల్లకు చెయ్యి విరిగింది. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయి. పదిహేను రోజులు నిజామాబాదు దవాఖానలో ఉంచారు. బతికింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళు బెంగపడకూడదని.

మంగళవారం సెంటరులో పంచాయితీ. కాలువ ఓవర్సీరు, టీచరమ్మ పైఅధికారి, పిల్ల తండ్రి, వీధి జనం. నన్ను మధ్యలో నిలబెట్టారు.

"ఏ రోజని చెప్పినవ్?" అన్నాడు ఓవర్సీరు.

"ఆదివారం తెల్లారి అన్నానండి."

"ఇగో, ఆయన నోటితోనే చెప్పిండు!" అని పిల్ల తండ్రి లేచాడు. "ఐతారం తెల్లారంటే సోమారం కాదా? నా బిడ్డను సంపుదామనుకున్నవా?"

"కాదండీ. తెల్లారి అంటే... తెల్లారి అంటే తెల్లారి అండీ."

వెనక ఎవరో నవ్వారు. ఎవరి మాట ఎటు తిరిగిందో అప్పుడప్పుడే లీలగా తెలుస్తోంది, కానీ విప్పి చెప్పడం నా వల్ల కాలేదు. టీచరమ్మ వైపు చూశాను. ఆమె మొహం చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆమెకు అర్థమైంది. నోటుబుక్కు మనిషికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు చెబుతుంది, మాటలు రెండు, అర్థాలు రెండు అని చెబుతుంది, అనుకున్నాను.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు ఓవర్సీరు.

ఆమె ఒకసారి నన్ను చూసింది. ఒకసారి మూలన చాప మీద కూర్చున్న పిల్లల్ని చూసింది.

"అన్న చెప్పిందే రాసిన సార్," అంది.

అంతే. అబద్ధం కాదు. నిజమూ కాదు. మర్నాటి నుంచి నన్ను పనిలోకి రావద్దన్నారు.

నేను రైసుమిల్లులో బస్తాలు కుట్టే పనికి పోయాను. పని పోతే ఇంకో పని దొరికింది. కానీ వీధిలో పిల్లలు నన్ను చూసి "తాతా, ఇయ్యాల ఏం వారం?" అని అరిచి పారిపోయేవారు. నేను జవాబు చెప్పకపోతే వాళ్ళే చెప్పేవారు, "సోమారం! సోమారం!" అని. తల్లులు అరిచేవారు కాదు. నేను అరుగు మీద కూర్చుంటే ఊరికే పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. అరుపు కంటే అది ఎక్కువ నొప్పి.

మూడు నెలలకు టీచరమ్మ ఒక కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. మా అమ్మాయిని ఏ బడిలో వేయాలో, ఏ కాగితాలు కావాలో రాసుకొచ్చింది. మా ఆవిడ మంచినీళ్ళ కోసం లోపలికి పోయింది. నా జీవితంలో నేను అడిగిన పెద్ద ప్రశ్న అప్పుడే అడిగాను.

"ఆ రోజు మీకు అర్థమైంది కదమ్మా?"

ఆమె తప్పించుకోలేదు. "అయింది అన్నా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తప్పు నాదైతుండె. సరిగ అడగకుంట రాసినవని నన్ను తీసేస్తుండె. సెంటరు మూతపడుతుండె."

"నా పని పోయింది."

"నీకు మిల్లుల పని దొరికింది గదన్నా. గీ ముప్పైమంది పోరగాండ్లకు నేను గాక ఎవలు దొరుకుతరు?"

నా జవాబులు ఎప్పుడూ రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి. పోయింది పని కాదమ్మా, పేరు, అని రెండు రోజుల తర్వాత మిల్లులో బస్తా కుడుతుంటే వచ్చింది. అప్పుడు చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.

ఆ కాగితం నేను చింపలేదు. ఆమె రాసిన బడిలోనే అమ్మాయిని వేశాం. తర్వాత స్కాలర్‌షిప్పు సంగతి చెప్పింది ఆమే, ఆడపిల్లల హాస్టలు సంగతి చెప్పింది ఆమే. మా అమ్మాయి ఇవాళ డిగ్రీ చదువుతోందంటే అందులో ఆమె చెయ్యి ఉంది. ప్రతిసారీ కాగితం మా ఆవిడ చేతికే ఇచ్చేది. నాకు ఎన్నడూ ఇవ్వలేదు. ఒక చేత్తో పెడుతూ ఉంటే, రెండో చేత్తో తీసుకున్నది అడగడం ఎలాగో నాకు తెలియలేదు. దాన్ని మంచితనం అనుకోవాలా, నోరు కుట్టడం అనుకోవాలా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

గోడ మీద మాత్రం జాగ్రత్త పెరిగింది. నీళ్ళ సంగతి రాస్తే తారీఖు, వారం, ఎన్ని గంటలకు అన్నదీ రాసేది. 'తెల్లారి' అన్న మాట మళ్ళీ ఆ గోడ మీదికి రాలేదు. అది నేను రోజూ చూసుకునేవాణ్ణి. అంటే ఆమె మరచిపోలేదు. మరచిపోయి ఉంటే క్షమించడం నాకు తేలికయ్యేది.

కిందటేడు ఆమెకు జబ్బు ముదిరింది. మా ఆవిడ రోజూ జావ పట్టుకుపోయేది. నేను పోలేదు. కబురు పెడుతుందేమోనని చూశాను. తిరిగివచ్చిన ప్రతిసారీ మా ఆవిడ మొహం చూసేవాణ్ణి.

"ఏమన్నా అందా?"

"పిల్లలకు గుడ్లు అందాయా లేదా అని అడిగింది."

కడసారి రోజు కూడా అదే అడిగిందట.

శవాన్ని ఆమె ఇంటి వాకిట్లో పడుకోబెట్టారు. ఇల్లు మెయిన్‌రోడ్డుకు అవతల. జనం చాలామంది వచ్చారు. మహారాష్ట్ర సరిహద్దు డోంగ్లి వైపు నుంచి ఎవరో మరాఠీలో ఏడుస్తూ వచ్చారు, వాళ్ళ పిల్లను ఎప్పుడో ఏదో బడిలో చేర్పించిందట. ఒక్కొక్కరే ఆమె చేసిన మేలు చెప్పుకుంటున్నారు. తూములో చిక్కిన పిల్ల తండ్రి కూడా వచ్చి దండ వేశాడు. నా పక్కనే నిలబడ్డాడు. "మంచి మనిషి," అన్నాడు ఆమెను చూస్తూ. "అవునండి," అన్నాను. చెప్పడానికి అదే సమయం. నా నోట్లో మాట మొత్తం తయారుగా ఉంది, పదమూడేళ్ళు అరగదీసిన మాట. కానీ కాళ్ళకు పసుపు రాసి పడుకోబెట్టిన మనిషి ముందు, ఆమె తిరిగి జవాబు చెప్పలేని చోట, నేను గెలిచి ఏం చేయాలి? ఆమె నాకు చేసినదే నేను ఆమెకు చేసినట్టు అవుతుంది. ఊరుకున్నాను. ఇక్కడ రాస్తున్నది కూడా ఆమెను తగ్గించడానికి కాదు. ఆదివారం అంటే నేను ఆదివారమే చెప్పాను. అంతే. అది ఒక్కచోట రాసి ఉండాలి.

సెంటరు పిల్లలను అక్కడ పనిచేసే ఆయమ్మ తీసుకొచ్చింది, కడసారి చూపు కోసం. చూపించి తిరిగి తీసుకుపోతోంది. రోడ్డు దాటేటప్పుడు ఎలా నడవాలో టీచరమ్మ నేర్పిందే: ఒకరి వెనక ఒకరు, ముందు పిల్ల గౌను అంచు వెనక పిల్ల పిడికిట్లో. ఆయమ్మ ముందు పోతోంది. ట్రాక్టరు ఒకటి వస్తోంది. నేను రోడ్డు మధ్యకు పోయి చెయ్యి అడ్డం పెట్టాను. ఆగింది. పిల్లలు ఒక్కొక్కరే నా ముందు నుంచి దాటారు.

అందరికంటే వెనక ఒక చిన్నపిల్ల. ముందు పిల్లను గట్టిగా పట్టుకుంది కానీ తన గౌను పట్టుకోవడానికి వెనక ఎవరూ లేరు. అడుగు తడబడింది. పట్టుకుందామని చెయ్యి చాచాను. అవతల అరుగుల మీద తల్లులు నిలబడి చూస్తున్నారు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక్క అడుగు దూరంలో ఆ పిల్ల వెనక నడిచాను. గాలికి గౌను అంచు నా వేళ్ళ ముందు ఎగురుతూనే ఉంది, రోడ్డు దాటేదాకా.