నా మాట దాచని స్నేహితురాలు

మొన్న చండ్రుగొండ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మ పోయింది, పెద్దమ్మా" అన్నాడు నా స్నేహితురాలి కొడుకు. కొంతకాలంగా గుండెజబ్బుతో ఉందని తెలుసు. అయినా ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి మేం కలిసి చదువుకున్న రోజులే గుర్తుకొస్తున్నాయి.

ఎనభైలలో పాల్వంచలో ఇంటర్ చదివేటప్పుడు మేమిద్దరం హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. వాళ్లది వ్యవసాయం. దసరా సెలవులకు వెళ్లొస్తే సంచినిండా సీతాఫలాలు తెచ్చేది. నాకు జడ వేస్తే తలనొప్పి పుట్టేంత బిగించి వేసేది. "వదులైతే మల్ల నువ్వే గులుగుతవ్" అనేది.

మా అమ్మ పోయిన ఏడాది అది. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేక నా చేతికి నేనే గాయాలు చేసుకునేదాన్ని. ఎండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టే. ఒక సాయంత్రం ఇక దాచలేక గదిలోవాళ్లకు చెప్పేశాను. ఒకమ్మాయి ఏడ్చి, ఇంకెప్పుడూ చేయనని ఒట్టు వేయించుకుంది. ఇంకొకమ్మాయి "అందరు నిన్నే చూడాల్ననా?" అంది. వాళ్లను తప్పుపట్టను. ఇలాంటిది వింటే ఏం చేయాలో ఆ వయసులో మాకెవరూ చెప్పలేదు.

ఆమె మాత్రం పక్కన కూర్చుని, "నొస్తుందా?" అని అడిగింది. అమ్మ పోయాక నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. అప్పుడు ఏడ్చాను.

"ఎవ్వరికీ చెప్పకు" అన్నాను.

"గదొక్కటి నాతోని కాదు. వార్డెన్ మేడమ్‌కు చెప్తా. నాతోని మాట్లాడకపోతే మాట్లాడకు. నువ్వుంటే సాలు."

అన్నట్టే చెప్పింది. వార్డెన్ కేకలు వేయలేదు. నాన్నను పిలిపించి, ఖమ్మంలో డాక్టరుకు చూపించమంది. అన్ని రోజులూ, నాన్న వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లేటప్పుడు కూడా, నేను నా స్నేహితురాలితో మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ నా పక్కనే కంచం పెట్టుకుని, వాళ్ల ఊరి కబుర్లు చెబుతూనే ఉంది.

గాయాలు చేసుకునే అలవాటు ఒక్కరోజులో పోలేదు. తర్వాత ఎప్పుడైనా మనసు అటు లాగితే ముందు ఆమెకే చెప్పేదాన్ని. అలా నెమ్మదిగా బయటపడ్డాను.

ఇప్పుడు ఆమెను తలుచుకుంటే నేను హాస్టలుకు తిరిగొచ్చిన రోజే కళ్లముందు నిలుస్తోంది. ఒకటే వాన. ఆ రోజు వస్తానని హాస్టల్లో తెలుసు, కానీ ఏ బస్సుకో ఎవరికీ చెప్పలేదు. పాల్వంచలో దిగేసరికి ఆమె బస్టాండు రేకుల కింద నిలబడి ఉంది.

"ఎప్పుడొచ్చినవ్?" అన్నాను. అలిగాక ఆమెతో అన్న మొదటి మాట అది.

"ఇప్పుడే" అంది, నా ట్రంకుపెట్టె అందుకుంటూ. ఆమె ఓణీ కొసల నుంచి కారిన నీళ్లు కాళ్లచుట్టూ మడుగు కట్టి ఉన్నాయి.