అక్క లెక్కపెట్టిన పది

ఆయన్ని ఆఫీసుల్లో అందరూ హలో బాబాయి అంటారు. కంపెనీల్లో ఉండే ఇంటర్నెట్ ఫోన్లు బాగుచేయడం ఆయన పని. "బాబాయ్, ఎత్తగానే కట్ అవుతోంది", "బాబాయ్, కనెక్షన్ లేదని చూపిస్తోంది" అంటూ పొద్దున లేస్తే కబుర్లు. సంచీ తగిలించుకొని బయల్దేరేవాడు. తీగలు పీకి పెట్టేవాడు, రూటర్‌ని ఆపి మళ్ళీ వేసేవాడు, పాస్‌వర్డ్‌లో ఎవరో తప్పు కొట్టిన అక్షరాన్ని పట్టుకొనేవాడు. మహా ఓపిక మనిషి. ఆ ఓపికంతా బయటివాళ్ళకే, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి.

"మన మాట వాళ్ళకి వినిపిస్తోందట, వాళ్ళదే మనకి రావట్లేదు" అని ఎవరైనా అంటే ఆయనకి హుషారు వచ్చేది. "మాట పోయే దారి వేరు, వచ్చే దారి వేరమ్మా. ఈ రూటర్ ఉంది చూశారూ, ఒక్కోసారి పోయేదాన్ని పోనిచ్చి, వచ్చేదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది" అని విడమరిచి చెప్పేవాడు. ఒక కొట్టు యజమాని, మామగారు తనమీద అలిగి పలకడం లేదనుకొని నెల్లాళ్ళు హాయిగా ఉన్నాడు. బాబాయి వెళ్ళి రూటర్ సరిచేసి ఆ హాయి కాస్తా పోగొట్టాడు. "అవతలివాళ్ళు పలక్కపోతే కోపం అనుకోకండయ్యా, ముందు రూటర్ చూడండి!" ఇది ఆయన ఊతపదం.

పని అయ్యాక బయటి నంబరు ఒకదానికి చేసి చూడాలి. ఇరవై ఏళ్ళుగా ఆ నంబరు అక్కదే. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. ఫోనెత్తి "ఏరా, టెస్టా?" అని, అడక్కుండానే ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేది. గిన్నెలు తోముతూ లెక్కపెట్టేది, జ్వరంలో మూలుగుతూ లెక్కపెట్టేది. పదయ్యాక "అన్నం తిన్నావా?" అనేది. "తిన్నా, తిన్నా, ఉంటా" అని ఈయన పెట్టేసేవాడు. తినకపోయినా అదే జవాబు.

ఒకరోజు ఒక పెద్ద ఆఫీసులో నలభై ఫోన్లు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ గొడవలో ఉండగా అక్కే ఫోన్ చేసింది. "పనిలో ఉన్నానక్కా" అని కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు. బావకి ఊపిరి ఆడటం లేదని చెప్పడానికి చేసింది పిచ్చితల్లి. సాయంత్రానికి బావ లేడు. పరుగున వచ్చిన తమ్ముణ్ణి చూసి ఆవిడ ఒక్కటే మాట అంది.

"నా గొంతు నీకు టెస్టుకి తప్ప ఇంకెందుకూ పనికిరాదా రా?"

అంతే, మూడు నెలలు మాటల్లేవు. ఈయన మొహం చెల్లక చేయలేదు. ఆవిడ కోపంతో చేయలేదని ఈయన నమ్మకం. టెస్టులకి తన రెండో సెల్‌ఫోన్ వాడుకొన్నాడు.

అలాంటప్పుడు ఒక సరుకుల కంపెనీలో, ఇంకా తెరవని కొత్త గదిలో ఫోను కనెక్ట్ కావడం లేదంటే వెళ్ళాడు. రూటర్ మార్చారు, ఫోనులో పాత వివరాలే ఉన్నాయి. సరిచేశాడు, పచ్చదీపం వెలిగింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? వేలు దానంతటదే అక్క నంబరు నొక్కింది. మూడోసారి మోగగానే ఎత్తింది.

"అక్కా, నేనే."

పలుకు లేదు.

"తప్పయిపోయిందక్కా. ఒక్కమాట మాట్లాడవే."

ఊపిరి చప్పుడు కూడా లేదు. అయినా అక్క ఫోను మళ్ళీ కట్ చేయనని అప్పటికే ఒట్టు పెట్టుకొన్నాడు. పెట్టేస్తే ఆవిడే పెట్టెయ్యాలని రిసీవర్‌ని బల్లమీద ఉంచి, కిందకి దూరి స్క్రూలు బిగించుకొన్నాడు. లేచి చూసేసరికి లైను కట్ అయి ఉంది.

"లైను బాగుందా బాబాయ్?" అని మేనేజరమ్మ అడిగింది.

"భేషుగ్గా ఉందమ్మా. అవతలి మనిషికే నామీద మనసు విరిగింది."

పదిరోజులకి అక్క నిద్రలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. ఈయన వెళ్ళి ఒక మూల నిలబడ్డాడు, ఎవరినీ ఏమీ అడిగే ధైర్యం లేక తిరిగొచ్చాడు.

నెల తిరిగాక ఆ కొత్త గది తెరిచారు. మేనేజరమ్మ పిలిచింది. "బాబాయ్, మన మాట వాళ్ళకి వెళ్తోంది, వాళ్ళదే మనకి వినపడట్లేదు."

కంప్యూటర్‌లో ఆ ఫోను కాల్స్ జాబితా తీశాడు. మొట్టమొదటి నంబరు అక్కది. పక్కనే, పదకొండు నిమిషాలు. రూటర్ తెరిచి చూశాడు. ఆ గదికి లోపలికొచ్చే మాటకి దారే తెరవలేదు. తెరవాల్సింది తనే. లోకానికంతా పాఠం చెప్పిన మొనగాడు, పది అంకెల్లో ఒక్కటీ వినకుండానే లైను బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు! దీపం కింద చీకటని ఊరికే అన్నారా.

దారి తెరిచాడు. ఇక టెస్టు చేయాలి. అదే నంబరు నొక్కాడు. అక్క ఫోను ఇప్పుడు మేనకోడలి దగ్గరుంది, ఆ పిల్లే ఎత్తింది. గొంతు పక్కనే ఉన్నట్టు వినిపించింది.

"ఆమధ్య ఓరోజు ఇక్కణ్ణుంచే అమ్మకి చేశానే. అమ్మ ఏమైనా అందా?"

"అదేంటి మామయ్యా! నువ్వు అక్కా అనగానే ఏడ్చేసింది. నీతో ఏదేదో చెప్పింది. నువ్వు పలక్కపోయేసరికి ఒకటి, రెండు అని మొదలుపెట్టింది. పదైపోతే మళ్ళీ ఒకటి. ఇక పెట్టెయ్యమ్మా అంటే వినదే! 'వాడికి నా మాట అందట్లేదే. స్క్రూలు తిప్పుతున్నాడు, చప్పుడు వినపడుతోంది. వాడికి నా గొంతు కావాలి' అంది."

"తర్వాత?"

"ఫోను నేనే తీసుకొని పెట్టేశా. నీ సెల్‌కి చెయ్యనా అన్నా. వద్దంది. 'పనిలో ఉంటాడు, విసుక్కుంటాడు, బాగయ్యాక వాడే చేస్తాడు' అంది. ఆ పదిరోజులూ ఫోను తలగడ పక్కనే పెట్టుకుంది. నీకు తెలుసనుకున్నా మామయ్యా."

ఆయన బల్ల పక్కన నేలమీదే కూలబడ్డాడు.

"హలో? మామయ్యా? నా మాట రావట్లేదా? ఉండు, లెక్కపెడతా. ఒకటి... రెండు..."

రిసీవర్‌ని చెవికి నొక్కుకొని పది దాకా విన్నాడు.

"వినపడిందా? అన్నం తిన్నావా మామయ్యా?"

"లేదమ్మా," అన్నాడు ఆయన ఏడుస్తూ, "తినలేదు."