దొరల గోలీలాటలో సెంచరీ

హోసూరు దాటి కెలమంగలం పోయే దారిలో రాళ్ళూ గరికా కలిసిన ఎర్రటి బీడు ఒకటి ఉండేది. యాభైల చివరి సంవత్సరాల్లో ఆదివారం పూట ఆ దారిన బస్సులో పోయినవాళ్ళందరూ ఒక వింత చూసేవారు. పొట్టి లాగులు తొడుక్కున్న పెద్దమనుషులు నలుగురైదుగురు చేతుల్లో వంకర కట్టెలు పట్టుకుని, తలలు వంచుకుని, తుప్పల్లో ఏదో వెతుకుతూ ఉండేవారు. వాళ్ళు వెతికేది తెల్లటి బంతి. ఆడిన సేపు తక్కువ, వెతికిన సేపు ఎక్కువ.

దాన్ని గోల్ఫ్ అంటారు. ఆ మాట మా వైపు నోళ్ళలో నిలవలేదు. చివరి అక్షరం రాలిపోయి గోల్ అయింది. బంతిని గుంతలో వేయడం కూడా కనిపించేసరికి గోలీ అయింది. బస్సు కండక్టరు అక్కడ దిగేవాళ్ళను "గోలీబీడు" అని కేకేసి దించేవాడు. పిల్లలు గోలీని గుంతలోకి కొడతారు, దొరలూ అదే చేస్తారు. దొరలకు దూరం ఎక్కువ, సిగ్గు తక్కువ, అంతే తేడా. ఆ ఆట గురించి తరువాత ఇంగ్లీషు పత్రికల్లో చాలా చదివాను కానీ, ఇంతకన్నా మంచి వివరణ నాకు దొరకలేదు.

నేను అప్పట్లో మద్రాసు నుంచి వెలువడే ఒక తెలుగు దినపత్రికకు హోసూరు, కృష్ణగిరి వార్తలు రాసేవాణ్ణి. పత్రిక కట్టలు సామల్పట్టిలో రైలు దిగి, కృష్ణగిరి బస్సెక్కి, మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయేవి. నేను పంపే వార్తలూ అదే దారిన తిరిగి పోయేవి. రాగుల ధర, పట్టుగూళ్ళ ధర, కనుమలో బోల్తా పడిన లారీ, చిరుత ఎత్తుకుపోయిన దూడ, ఇవీ నా వార్తలు. ఇంతలో మద్రాసులో మా వార్తలు దిద్దే డెస్కు నుంచి కబురు వచ్చింది. ఇకమీదట గోల్ఫ్ వార్తలు కూడా పంపాలట. యాజమాన్యంలో ఒకరు కొత్తగా ఆ ఆట మొదలుపెట్టారని, అందుకే రాష్ట్రంలోని తెలుగు పాఠకులందరికీ దాని మీద ఆసక్తి పుట్టిందని నాకు తరువాత తెలిసింది.

అలా నేను గోలీబీడు క్లబ్బుకు పోవడం మొదలుపెట్టాను. పెంకుల కొట్టం ఒకటి, వరండాలో పేము కుర్చీలు, గోడ మీద తెల్లవాళ్ళ ఫోటో తీసేసిన చోట నాలుగు పలకల మరక. గడ్డి పెంచి నున్నగా ఉంచవలసిన చోట్లను ఆ ఆటలో గ్రీను అంటారు. మా నేలలో ఆ గడ్డి బతకదు కనుక గుంతల చుట్టూ ఇసక పోసి, లారీల్లోంచి తీసిన పాత నూనె కలిపి గట్టిపడేలా దిమ్మిస కొట్టించేవారు. దాన్ని బ్రౌను అనేవారు. నల్లగా ఉన్నదాన్ని బ్రౌను అనడం, దాని మీద ఆడుతూ ఇంగ్లండు వాతావరణం గురించి మాట్లాడుకోవడం అక్కడి సంస్కృతి. ఆట అయ్యాక వరండాలో ఒకాయన చెప్పిన హాస్యం మరో ఆదివారం మరొకాయన చెప్పేవాడు. నవ్వు మాత్రం ఎప్పుడూ మొదటిసారి విన్నట్టే వచ్చేది. మద్యనిషేధం ఉన్న జిల్లా కనుక గ్లాసుల్లో ఉన్నది సోడాయేనని నమ్మాలి. నేను నమ్మాను.

సభ్యులు చాలామంది బెంగుళూరు నుంచి కార్లలో వచ్చేవారు. ఊళ్ళోవాళ్ళలో ముఖ్యుడు ఒక్కడే. ఆయన రెవెన్యూ అధికారి, క్లబ్బుకు కార్యదర్శి కూడా. బీడు చుట్టూ ముళ్ళకంచె వేసుకోవడానికి అనుమతి కావాలని క్లబ్బు అర్జీ పెట్టింది. పెట్టినది కార్యదర్శిగా ఆయన. దాని మీద విచారణ చేసి, కంచె వేస్తే ఎవరికీ నష్టం లేదని పైకి రాసినది అధికారిగా ఆయన. ఇద్దరి మధ్యా ఏ విషయంలోనూ అభిప్రాయభేదం రాలేదు.

నష్టం ఉన్నవాళ్ళు ఉన్నారు. బీడుకు అవతల కురుబవాళ్ళ ఇళ్ళు కొన్ని ఉండేవి. వాళ్ళ గొర్రెలు ఆ బీడులోనే మేసేవి, బీడు చివరి వంకలోనే నీళ్ళు తాగేవి. కంచె పడితే మేతా పోతుంది, నీళ్ళ దారీ పోతుంది. వాళ్ళ తరఫున మాట్లాడేది ఒక ఆడమనిషి. యాభై ఏళ్ళు ఉంటాయి, నల్ల కంబళి భుజాన వేసుకుని మంద వెంట నడిచేది. పెనిమిటి చనిపోయాక ఆమెకు మిగిలిన ఆస్తి ఆ మంద. కంచె పడిన మరునాడే మందను కెలమంగలం సంతకు తోలి కసాయివాళ్ళకు అమ్ముకోవడం తప్ప ఆమెకు దారి లేదు. ఆ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పలేదు. ఆటను చూస్తూ, మధ్యలో దాన్ని చూసి నవ్వుతూ చెప్పింది.

"గుడ్డంత దాన్ని కట్టెతో కొట్టేది, పోయి ఎతికేది, మళ్ళా కొట్టేది. దీనికి బెంగుళూరు నించి కారేసుకోని రావల్నా అప్పా? ఆళ్ళ ఇండ్లల్లో పని చెప్పేవాళ్ళు యెవురూ లేరా?"

కంచె మాట నేను మళ్ళీ ఎత్తేసరికి మాత్రం ఆమె నవ్వు పోయింది.

"నా గొర్రెలు నీళ్ళకు యాడికి పోవల్ల? ఆళ్ళ సోడా తాగేకి రమ్మంటారా?"

ఆ గోడు రాసి మద్రాసు పంపాను. స్థలాభావం వల్ల వేయలేకపోయామని జవాబు వచ్చింది. పత్రికలో అన్నింటికీ స్థలం ఉంటుంది, గొర్రెలకు ఉండదు.

సేలం నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి, బీడును కళ్ళారా చూసి, కంచె సంగతి తేలుస్తారని తెలిసింది. జనం ఆయన్ను పెద్దదొర అనేవారు. కార్యదర్శి ఆ తనిఖీని ఆదివారానికి పెట్టించి, అదే రోజు గోల్ఫ్ పోటీ కూడా పెట్టాడు. వెండి కప్పు తెప్పించాడు. ముందు రోజే తలారిని పంపి, ఆదివారం ఒక్క గొర్రె కూడా బీడులో కనిపించకూడదని కురుబవాళ్ళకు చెప్పించాడు. మేసే గొర్రె కంట పడకపోతే అది మేతబీడు ఎలా అవుతుంది? విచారణ అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

కురుబామె గొర్రెలను కట్టేసి తాను ఒక్కతే వచ్చింది. చేతిలో నిమ్మకాయ పట్టుకుని క్లబ్బు వాకిట నిలబడింది. అధికారి ముందుకు ఉత్తచేతులతో పోకూడదని, నిమ్మకాయ ఇచ్చి దండం పెట్టుకోవాలని మా వైపు ఆచారం. మొదటి దఫా ఆట ముగించి చెమటతో వరండా ఎక్కుతున్న పెద్దదొరకు ఆమె అడ్డం పోయి నిమ్మకాయ అందించి, "సామీ, మా గొర్రెలు..." అంది. ఆయన నిమ్మకాయ అందుకున్నాడు, గుడ్ అన్నాడు, బంట్రోతు చేతికిచ్చి తన సోడాలో పిండమన్నాడు. పిండారు. తాగాడు. ఆమె తరువాతి మాట ఏమిటో అక్కడ ఎవరికీ అవసరం కాలేదు. తలారి ఆమెను దారి దాకా నడిపించాడు.

ఇక ఆట సంగతి. ఈ గోలీలాటలో లెక్క తలకిందులు. బీడులోని తొమ్మిది గుంతల్లోనూ బంతిని వేయడానికి మొత్తం మీద ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వాళ్ళు గెలిచినట్టు. పెద్దదొర ఆట నా కంటికి కూడా చాలా అధ్వానంగా ఉంది. దానికన్నా అధ్వానంగా ఆడడం మామూలు పని కాదు, అయినా ఆ రోజు అందరూ సాధించారు. ఏళ్ళుగా ఆడుతున్నవాళ్ళు బంతిని వదిలి నేలను కొట్టారు. గుంత పక్కన నిలిచిన బంతిని ఊపిరి బిగబట్టి అవతలికి తోశారు. తోసి, అయ్యో అని తలలు పట్టుకున్నారు. అందరిలోకీ కార్యదర్శి విశ్వాసం గొప్పది. కంచె ఆయనకే ఎక్కువ కావాలి కదా. బంతిని వంకలోకి కొట్టాడు, తుప్పలోకి కొట్టాడు, వెనక్కి కూడా కొట్టాడు. ఆయన దెబ్బలు నూరు దాటాయి.

పెద్దదొర కప్పు అందుకున్నాడు. మీరు చాలా గట్టి పోటీ ఇచ్చారని కార్యదర్శి భుజం తట్టాడు. కంచె మంచి ఆలోచనేనని, సేలం పోగానే ఉత్తర్వు పంపుతానని అందరి ముందూ అన్నాడు. బీడు వైపు ఆయన చూసింది తన బంతి ఎక్కడ పడిందో చూసుకోవడానికే. తనిఖీ ముగిసింది.

ఆ రాత్రి నేను వార్త రాశాను. ఎవరు గెలిచారు, ఎవరికి ఎన్ని దెబ్బలు, ఏ రాళ్ళబీడులో ఆడారు, కంచె కోసం ఎవరు కాచుకున్నారు, అన్నీ క్లుప్తంగా, వరుసగా. రెండు రోజుల తరువాత మధ్యాహ్నం బస్సులో పత్రిక వచ్చింది. శీర్షిక పెద్ద అక్షరాల్లో ఉంది: "హోసూరు గోల్ఫ్ పోటీలో సెంచరీ! సేలం ఉన్నతాధికారి చిత్తు."

జరిగింది తేలికగానే అర్థమైంది. డెస్కులో కూర్చున్న పెద్దమనిషికి తెలిసిన ఆట క్రికెట్టు ఒక్కటే. నూరు దాటినవాడు ఓడిపోవడం ఆయన బుద్ధికి ఎక్కలేదు. పల్లెటూరి విలేకరి తప్పు రాశాడనుకుని దయతో దిద్దాడు. కార్యదర్శి ధాటిగా ఆడి సెంచరీ సాధించాడని, ఉన్నతాధికారి ఎంత ప్రయత్నించినా అందులో సగం దాటి కొద్ది దూరమే పోగలిగాడని, అయినా కప్పు ఆయనకే ఇవ్వడం స్థానికుల మర్యాదకు నిదర్శనమని తన సొంత వాక్యం ఒకటి చేర్చాడు. రాళ్ళబీడు, కంచె స్థలాభావంలో కలిసిపోయాయి. చిన్నప్పుడు గోలీలాడిన వాడైతే ఆ తప్పు చేయడు. ఆయన చిన్నప్పటి నుంచీ చదువుకున్నాడేమో.

హోసూరు బస్టాండు నుంచి గుమాస్తాలు, కాంట్రాక్టర్లు పూలదండ పట్టుకుని కార్యదర్శి ఇంటికి బయలుదేరారు. ఆయన తలుపు వేసుకున్నాడు. ఏమని చెప్పగలడు? తాను గెలవలేదంటే ఎంత ఘోరంగా ఓడాడో చెప్పాలి. కావాలనే ఓడానంటే పెద్దదొర కప్పు ఏపాటిదో చెప్పినట్టవుతుంది. సాయంత్రం నన్ను పిలిపించాడు. ముఖం పాలిపోయి ఉంది. ఆ పెద్దదొర కోస్తా వైపు తెలుగువాడని, రోజూ ఆయన భార్య ఈ పత్రికే పైకి చదివి వినిపిస్తుందని, ఏదో ఒకటి చేసి సవరణ వేయించమని బతిమాలాడు. నాతో అంత మర్యాదగా మాట్లాడడం అదే మొదలు, అదే చివర.

సవరణకు రాశాను, వచ్చింది. డెస్కు మాత్రం తన వార్త తప్పని ఒప్పుకోలేదు. "హోసూరు గోల్ఫ్ పోటీలో తక్కువ సాధించినవారే గెలిచినట్లు భావించవలసిందిగా క్లబ్బు కార్యదర్శి కోరుతున్నారు" అని ఒక్క వాక్యం వేశారు. ఆ వాక్యం పెద్దదొర ఇంట్లో ఎలా చదివారో, విన్నాక ఆయన ముఖం ఎలా ఉందో చూసే భాగ్యం నాకు కలగలేదు. ఫలితం చూశాను.

ఉత్తర్వు వారంలోపే వచ్చింది. కంచెకు అనుమతి లేదు. తరతరాలుగా పేద గొర్రెలకాపరులకు ఆధారమైన మేతభూమిని కొద్దిమంది విలాసం కోసం కాజేయాలని చూడడం శోచనీయమని, బీడు మీద, వంక మీద మందల హక్కు శాశ్వతమని, ఆట ఆడదలచినవారు గొర్రెలు లేని వేళ చూసుకుని ఆడుకోవాలని అందులో ఉంది. భాష చాలా గొప్పగా ఉంది. ఆ పేదల గురించి ఆయనకు తెలిసినదంతా ఒక నిమ్మకాయ రుచి. అయినా నేను వార్త రాయవలసి వచ్చింది. డెస్కు ఈసారి ఒక్క మాట కూడా తీయలేదు. పేదల పక్షపాతి అని ఆయనకు బిరుదు కూడా తగిలించింది. గొర్రెలకు పత్రికలో స్థలం దొరకాలంటే వాటి ముందు ఒక అధికారి నడవాలని అప్పుడు నేర్చుకున్నాను.

కార్యదర్శికి బదిలీ వచ్చింది. క్లబ్బు నడిచింది కానీ, బెంగుళూరు కార్లు తగ్గాయి.

ఉత్తర్వు వచ్చాక ఒకరోజు బీడుకు పోయాను. కురుబామె వంక గట్టున కూర్చుని ఉంది, గొర్రెలు నీళ్ళు తాగుతున్నాయి. శీర్షిక సంగతి, సెంచరీ సంగతి, సవరణ సంగతి అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె ఓపికగా విన్నది. అందులో ఒక్క మాట కూడా నమ్మినట్టు కనిపించలేదు.

"అదేం కాదులేప్పా. నిమ్మకాయ పులుపు దొరకు ఇప్పుడెక్కినట్లుండాది."

నేను చెప్పిన కారణం అంతకన్నా గౌరవమైనదేమీ కాదు.

ఆమెకు వేరే బాధ ఉంది. ఎండపూట గొర్రెలు పోయి పోయి ఆ నూనె ఇసక మీదనే పడుకుంటున్నాయి. ఒక గొర్రెను చెవి పట్టుకుని లాగి, దాని పొట్ట కింద నల్లగా అట్టకట్టిన ఉన్ని నాకు చూపించింది.

"బొచ్చంతా చమురు పట్టుకోనుండాది సూడు. దీన్తో కంబళి నేసేకి అయితాదా? ఇది రాయప్పా నీ పేపర్లో."

రాసి పంపాను. అదే కవరులో పంపిన పట్టుగూళ్ళ ధర పత్రికలో వచ్చింది, ఉన్ని సంగతి రాలేదు. కొన్నాళ్ళకు డెస్కు నుంచి ఒక కార్డు వచ్చింది. మీ వైపు నుంచి ఈ మధ్య గోల్ఫ్ వార్తలు తగ్గాయి, శ్రద్ధ చూపగలరు అని ఉంది.