వానమ్మ సీసాలో నల్లనీళ్లు

ఆకాశం మబ్బు పట్టిందంటే ఆ కరెంటు ప్లాంటులో అందరూ లోపలికి పరుగెత్తేవారు. ఆమె మాత్రం మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, సీసాల పెట్టె భుజాన వేసుకుని బయటికి పరుగెత్తేది. అందుకే వానమ్మ అని పేరు పడింది. అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆమె పని చెప్పుకోవడానికి తేలికే. ప్లాంటు వెనక కొండంత బొగ్గు గుట్ట ఉంది. దానిమీద పడ్డ వాన కాలువలోకి దిగి, ప్రహరీ దాటి ఏట్లో కలుస్తుంది. వాన మొదలవగానే పారే తొలి నీళ్లను సీసాల్లో పట్టి బయటి ల్యాబుకు పంపాలి. మసి ఎంతుందో, ఆమ్లం ఎంతుందో, ఇనుము ఎంతుందో వాళ్లు తేలుస్తారు. గుట్టను కడిగేవి తొలి నీళ్లే కాబట్టి ఆలస్యమైతే లాభం లేదు.

కాలువ దగ్గరికి వెళ్లే గేటు తాళం ఆమె బాబాయ్ దగ్గర ఉండేది. ఆయన అక్కడే పంపులు నడిపేవాడు. చిన్నప్పుడే తండ్రి పోతే ఆమెను సొంత కూతురిలా పెంచింది ఆయనా, పిన్నీ. సైకిలు నేర్పిందీ, డిగ్రీ చదివించిందీ, ఈ ఉద్యోగం ఖాళీగా ఉందని కబురు తెచ్చిందీ ఆయనే. ఇంటర్వ్యూకి ముందు కుర్చీలో కాలుమీద కాలేసుకుని, మేనేజరులా గొంతు మార్చి ప్రశ్నలు అడుగుతుంటే ఆమె పడీపడీ నవ్వింది.

చినుకు పడగానే ఆమె ఫోను చేసేది.

"బాబాయ్, బయల్దేరుతున్నా. గేటు తీసి ఉంచు."

"తీస్తున్నా తల్లీ. మెల్లగా రా. జారిపడ్డావంటే మీ పిన్ని నా బుర్ర తినేస్తుంది."

ఆమె వెళ్లేసరికి గేటు తెరిచి ఉండేది. కాలువలో నీళ్లు కాస్త మసగ్గా, అంతే. ఫలితాలు ఎప్పుడొచ్చినా హద్దుల్లోనే ఉండేవి. ఏటి ఒడ్డున బాతులు పెంచే ముసలాయన కనిపించినప్పుడల్లా అడిగేవాడు, "నీళ్లెలా ఉన్నాయమ్మాయ్?" అని. "భేషుగ్గా ఉన్నాయి తాతా. నా చేత్తో పట్టినవే" అనేది. ఆ ఏడాది బాతుపిల్లలు చచ్చిపోతున్నాయని ఆయన దిగులుపడితే, మేత మార్చి చూడమని సలహా కూడా ఇచ్చింది.

ఒక మధ్యాహ్నం ప్లాంటులో తన గదిలో సీసాలు కడుగుతుంటే ఫోను జారి నీళ్ల తొట్టిలో పడి ఆరిపోయింది. అదే సమయానికి వాన అందుకుంది. ఇంకేం చేస్తుంది, చెప్పకుండానే వెళ్లింది. గేటుకి తాళం ఉంది. పక్కన కంచె వంగినచోట దూరి కాలువ దగ్గరికి దిగింది.

నీళ్లు కాటుకలా నల్లగా పారుతున్నాయి. అంచుల్లో తుప్పురంగు నురగ. వేరే కాలువకి వచ్చానా అని ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తేరుకుని సీసా ముంచి, మూత బిగించి, చీటీ అంటించింది.

అప్పుడే పంపుల గది నుంచి బాబాయ్ పరుగున వచ్చాడు. కాలువ గోడ చాటున ఉన్న ఆమెను చూడలేదు. గేటువైపు కూడా వెళ్లలేదు. కాలువ పైనున్న వాల్వు చక్రాన్ని రెండు చేతులా తిప్పాడు. లావుపాటి గొట్టంలోంచి ప్లాంటు చెరువులోని మంచినీళ్లు ధడధడా కాలువలో పడ్డాయి. చూస్తుండగానే నలుపు బూడిదరంగై, బూడిద మసగ్గా మారింది. ఆయన ఊపిరి పీల్చుకుని, జేబులోంచి ఫోను తీసి ఆమెకే కలిపాడు. అది మోగలేదు.

"బాబాయ్" అంది ఆమె.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నువ్వా! ఎప్పుడొచ్చావ్?"

"ఎన్నాళ్లనుంచి చేస్తున్నావ్ ఈ పని?"

"మేనేజరు చెప్పాడమ్మా. కాస్త మంచినీళ్లు కలిపితే ఎవరికేం నష్టం అన్నాడు. ప్లాంటు మూసేస్తే ఎంతమంది రోడ్డున పడతారో తెలుసా నీకు?"

"నేను ఫోను చేయగానే తిప్పేవాడివా?"

ఆయన తల దించుకున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "నీకంటే ముందున్నాయన ఎప్పుడు ఊడిపడతాడో తెలిసేది కాదు. ఆయన్ని పంపించేశారు. అప్పుడు నేనే అన్నాను, మా అమ్మాయైతే నాకు చెప్పకుండా అడుగు బయటపెట్టదని."

ఉద్యోగం తన చదువు చూసి ఇచ్చారనుకుంది ఇన్నాళ్లూ. సీసాను పెట్టెలో పెట్టి, పెట్టె భుజాన వేసుకుంది.

"ఆ సీసా పారబోసి ఇప్పుడు పట్టు తల్లీ. నాకోసం."

"ఇన్నేళ్లూ నీకోసమే పట్టానుగా, నాకు తెలియకుండా."

సీసా ల్యాబు బండెక్కింది. మేనేజరు పిలిచి ఏదో పొరపాటు జరిగిందన్నాడు, ఇంకోటి పట్టమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. చూసింది చూసినట్టు కాలుష్య నియంత్రణ అధికారులకు చెప్పింది. వాళ్లొచ్చి ఆ గొట్టాన్ని తవ్వి తీయించేశారు. ప్లాంటు మూతపడలేదు. ఏడాది తిరిగేలోగా బొగ్గు మీద రేకుల కప్పు వేశారు, మసి పేరుకోవడానికి పెద్ద గుంట కట్టారు. మేనేజరు వేరే ప్లాంటుకి బదిలీ అయ్యాడు. ఆపరేటరు సొంత తెలివితో చేశాడని తేల్చి బాబాయ్‌ని ఇంటికి పంపారు. ఎవరి మాట విని చక్రం తిప్పాడో వాళ్లే ఆయన్ని ముంచారు. అయినా ఆయన మేనేజరు పేరు బయటపెట్టలేదు.

బాతుల ముసలాయనకు ఆమె స్వయంగా వెళ్లి చెప్పింది. "నువ్వు చెప్పావనే కదమ్మా మేత మార్చాను" అన్నాడు, అంతే. తిట్టలేదు. బాతుల్ని ఎగువకి తోలుకుపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు చాలాకాలం అనిపించింది.

ఆమె వేరే గది అద్దెకు తీసుకుంది. పిన్ని ఉతికిన బట్టలు మూటగట్టుకుని వచ్చింది. "ఏమే, ఆయన మీది కోపం నామీద కూడానా?"

"నీకు తెలుసా పిన్నీ?"

పిన్ని మొహం వాడిపోయింది. "నీమీద ఒట్టు. తెలీదే."

ఆమె నమ్మింది. కానీ పిన్నిని అలాంటి మాట అడగాల్సి వచ్చినందుకు, అడిగాక కూడా ఆ కళ్లలోకి ఇంకొంచెంసేపు చూసినందుకు, పిన్ని వెళ్లాక తలుపేసుకుని ఏడ్చింది.

ఆ తర్వాత బాబాయ్ కూడా వచ్చాడు. ఇద్దరూ టీ తాగారు. ఆయన మోకాలి నొప్పి గురించి, పక్కింటివాళ్ల కొత్త కుక్క గురించి మాట్లాడాడు. ఆమె ఊ కొట్టింది. వెళ్లేటప్పుడు, "రేపు ఇంట్లో ఉంటావా? పిన్ని వస్తానంటోంది" అని అడిగాడు.

ఎక్కడుంటుందో, ఎప్పుడుంటుందో ఆయనకు చెప్పబోయి ఆగింది.

"పిన్నినే ఫోను చేయమను" అంది.