ఈ గట్టు, ది గట్టు

పదకొండేళ్ళ కిందట వేసవి సెలవులు అవుతూనే నన్ను ఏలూరులో ఒక కోర్టు కార్యాలయానికి సీనియర్ అనువాదకుడిగా వేశారు. రోజూ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చేవాణ్ణి. కింది కోర్టులో తెలుగులో రాసుకున్న సాక్ష్యాలను, కేసు అప్పీలుకి వెళ్ళినప్పుడు, ఇంగ్లీషు చేసి పైకోర్టుకి పంపడం మా పని. జూనియర్ తర్జుమా చేసి కింద పొట్టి సంతకం పెట్టాలి. సీనియర్ దాన్ని మూలంతో పోల్చి, దిద్ది, సరిచూశానని సంతకం చెయ్యాలి. దిద్దిన చిత్తుప్రతిని కొన్నాళ్ళు ఉంచి చింపేసేవాళ్ళం.

నా దగ్గర జూనియర్ నాగమణి. గణపవరం అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. నెమ్మదస్తురాలు. మా నాన్నగారు ఇంగ్లీషు మాస్టారు కావడంతో వ్యాకరణం నా సొత్తన్న గర్వం నాకుండేది.

ఒకరోజు కొల్లేటి పక్క ఊరి కేసు వచ్చింది. వెంకాయమ్మ అనే ఆవిడ చేపల చెరువుకీ, పక్క రైతు వరిచేనుకీ మధ్య సరిహద్దు గట్టు ఉంది. దాన్ని ఆవిడ తెంపించడంవల్లే తన చేను మునిగిందని రైతు దావా వేశాడు. ఇంగ్లీషులో రాసిన దావాలో ఆ సరిహద్దు గట్టుని ఒకసారి వర్ణించి, అక్కడి నుంచి చివరిదాకా ‘ది బండ్’ అనే రాశారు. బండ్ అంటే గట్టే. వెంకాయమ్మ చెరువు లోపల ఇంకో అడ్డగట్టు ఉండేది. దాని గురించి వకీలు అడిగితే, ఆవిడ పటం మీద చూపిస్తూ, ‘ఈ గట్టు తెంపింది మేమేనండి’ అని చెప్పింది.

నాగమణి ‘దిస్ బండ్’ అని రాసింది. నేను ‘దిస్’ కొట్టేసి ఎర్రసిరాతో ‘ది’ వేశాను.

‘పటంలో చూపించి చెప్పిందండీ. ‘ఈ’ అంటే ‘దిస్’ కాదాండీ?’ అని అడిగింది నాగమణి.

‘తెలుగులో ఈ, ఆ ఊతపదాలమ్మా. కనిపించిన చోటల్లా దిస్సులూ దట్టులూ పెడితే చదివేవాళ్ళు నవ్వుతారు,’ అన్నాను, గదిలో అందరికీ వినబడేలా. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి తల వంచుకుని మళ్ళీ టైపు చేసింది.

నేను చెప్పింది సగమే నిజం. ‘ది’ అంటే వినేవాడికి ఏదో ముందే తెలిసినది. ‘దిస్’ అంటే చెప్పేవాడు ఇప్పుడు చూపిస్తున్నది. ఈ కాగితాల్లో ముందే తెలిసిన గట్టు సరిహద్దు గట్టొక్కటే. పైకోర్టులో రైతు తరఫు వకీలు ఆ ఒక్క వాక్యాన్ని ఎత్తి చూపి, సరిహద్దు గట్టు తెంపినట్టు ఆవిడే ఒప్పుకుందన్నాడు. అప్పీలు తేలేదాకా చెరువుకి నీళ్ళు పెట్టకూడదని ఉత్తర్వు వచ్చింది.

నకలు తీసుకోవడానికి వెంకాయమ్మ మా ఆఫీసుకి వచ్చింది. ‘ఏవండీ, నేనేం చెప్పానని రాశారండీ?’ అని అడిగింది. చదివి అర్థం చెప్పాను.

‘నేను వేలు పెట్టి చూపించానండీ. ఆ వేలు రాయలేదాండీ?’

నేను ఫైలు కట్టడం మొదలుపెట్టాను. నాగమణి నా వైపు చూడలేదు.

వెంకాయమ్మ వకీలు మూలం తెప్పించి పోల్చి చూపిస్తే ఉత్తర్వు రద్దయింది. అప్పటికి చేపపిల్ల వదిలే అదను దాటిపోయింది. ఆ ఏడు చెరువు ఎండింది. తప్పెలా జరిగిందో సంజాయిషీ ఇమ్మని మా పై అధికారి నన్ను అడిగారు. చిత్తుప్రతి అప్పటికే చింపేశాం. తర్జుమా కింద ఉన్నది నాగమణి సంతకం. ‘జూనియర్ అనువాదకురాలి పొరపాటు, సరిచూడడంలో నా దృష్టికి రాలేదు’ అని రాసిచ్చాను. ఆమెకి మెమో వచ్చింది. నా బల్ల దగ్గరే నిలబడి చదువుకుని, అందినట్టు సంతకం చేసి, ‘ఇంకేమైనా దిద్దాల్సినవి ఉన్నాయాండీ?’ అని అడిగింది. నిజంగా పని గురించే అడిగింది.

రిటైరయ్యే నెలలో జరిగింది జరిగినట్టు రాసి అధికారి దగ్గరికి తీసుకెళ్ళాను. ‘మూసేసిన ఫైలు ఇప్పుడెందుకండీ మాస్టారూ,’ అన్నారాయన. ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. కాగితం జేబులో పెట్టుకుని వచ్చేశాను. నాగమణి సర్వీసు రికార్డులో ఆ మెమో ఇప్పటికీ ఉంది.

సాక్షి చూపించినదాన్ని అనువాదకుడు తన పాండిత్యంతో చెరపకూడదు. దిద్దినవాడే సంజాయిషీ చెప్పుకోవాలి. మొదటిది ఈ కేసుతో నేర్చుకున్నాను. రెండోది నాకు ముందే తెలుసు.